ససాకి గారి ఆరబోత రాళ్ళు

ముందుగా నాకు జరిగిన అన్యాయాలను తేదీల వారీగా నమోదు చేస్తున్నాను. అన్నీ ఈ సంవత్సరంలోనివే. ప్రతిదానికీ నా వద్ద కాగితం ఉంది.

జనవరి 20. నేను పందొమ్మిదేళ్ళు టూర్ మేనేజరుగా పనిచేసి విరమించిన డబ్లిన్ ట్రావెల్ కార్యాలయం వారు నా ప్రయాణ నోటుపుస్తకాలు అడిగారు. స్కాన్ చేసుకుని తిరిగి ఇస్తామన్నారు. పదకొండు పుస్తకాలు ఇచ్చి రసీదు తీసుకున్నాను.

ఫిబ్రవరి 11. పుస్తకాలు తిరిగి వచ్చాయి. వాటితోపాటు ఈ ఏటి బ్రోషరు వచ్చింది. ఉత్తర జపాను ద్వీపాల పేజీలో, ఏడో పుస్తకంలో నేను అంటించుకున్న ఫొటో పెద్దదిగా అచ్చయి ఉంది. నన్ను అడగలేదు.

అదే రోజు, అదే పేజీ. ఫొటో కింద "జాలరి కుటుంబంతో కలిసి సముద్రపు నాచు ఎత్తండి" అని ఉంది. ఆ కుటుంబాన్ని కూడా అడగలేదు.

ఫిబ్రవరి 13. ఫోన్ చేశాను. మేనేజరు మీటింగులో ఉన్నారన్నారు. "గ్రాండ్, చెప్తాను" అన్నారు; ఇక్కడ సరే అనడానికి గ్రాండ్ అంటారు. చెప్పినట్టు దాఖలా లేదు.

ఫిబ్రవరి 24. రిజిస్టర్డ్ పోస్టులో మొదటి లేఖ పంపాను. అందినట్టు సంతకం వచ్చింది. జవాబు రాలేదు.

మార్చి 9. నేనుండే డ్రోహెడా నుంచి రైలులో వెళ్ళి డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లోని ఆఫీసు ముందు గదిలో గంటా ఇరవై నిమిషాలు కూర్చున్నాను. టీ ఇచ్చారు.

మార్చి 10. "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు" అని ఒక ఈమెయిల్ వచ్చింది. చివర నవ్వు బొమ్మ ఉంది.

మార్చి 16. జులై బృందాన్ని తీసుకువెళ్ళబోతున్న సింధు అనే అమ్మాయి ఫోన్ చేసింది. ఆమెకు ఇచ్చిన స్కాన్ ప్రతిలో ఏడో పుస్తకం నలభై ఒకటో పేజీ లేదు.

మొదటి ఏడూ నాకు జరిగినవి, ఓర్చుకోగలను. ఎనిమిదోది ఓర్చుకునేది కాదు. ఆ పేజీలో నేను ఒకరికి ఇచ్చిన మాట ఉంది, దాని కింద ఆ మనిషి చేతిరాత ఉంది. ఆ మాట ఏమిటో, ఎలా ఇవ్వవలసి వచ్చిందో, ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలకు తెలియాలని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. అవి ఎవరికీ ఏమీ నేర్పవు.

అసలు ఈ పని ఏమిటి

జపాను పటంలో పైకి, ఇంకా పైకి చూస్తూ వెళితే వక్కనై అనే రేవు వస్తుంది. అక్కడ రైలు పట్టాలు అయిపోతాయి. అక్కడి నుంచి ఓడలో సుమారు రెండు గంటలు పడమరకు వెళితే రెండు ద్వీపాలు. రిషిరి అంటే సముద్రంలోంచి నేరుగా లేచిన ఒక్క పర్వతం. దాని చుట్టూ ఊళ్ళు అంచులా కుట్టినట్టు ఉంటాయి. రెబున్ పొట్టిది, పొడుగ్గా పడుకున్నది. చలిదేశం కనుక, ఇతర చోట్ల ఎత్తైన కొండల మీద మాత్రమే పూసే పూలు ఇక్కడ సముద్రపు ఒడ్డునే పూస్తాయి. జూన్, జులై నెలల్లో ఆ పచ్చికమీద నడిచిన మనిషి గొంతు తగ్గించి మాట్లాడతాడు. ఎవరూ చెప్పనక్కరలేదు.

పదకొండు సార్లు వెళ్ళాను. మొదట డాక్‌ల్యాండ్స్ సాఫ్ట్‌వేర్ కుటుంబాలను, తరువాత కార్క్ దగ్గరి రింగాస్కిడీ మందుల ఫ్యాక్టరీల వారిని, చివరి సంవత్సరాల్లో ఐరిష్ వారిని కూడా తీసుకువెళ్ళాను. టోక్యో చూసేసిన వారు, గుంపులంటే విసిగినవారు, చేప రుచి తెలిసినవారు ఈ దారికి వస్తారు.

కొత్తగా చేరినవారు తమ పని దృశ్యం చూపించడం అనుకుంటారు. దృశ్యాన్ని మనం చూపించనక్కరలేదు. అది ఉంటే కనిపిస్తుంది, పొగమంచు వస్తే కనిపించదు. రెండింటిలోనూ మన ప్రమేయం లేదు. మన పని రెండే రెండు: సరైన ప్రశ్న అడగడం, జవాబు వచ్చేదాకా నిలబడడం. ఈ రెండింటిలోనూ నేను తప్పాను. అందుకే రాసే అర్హత ఉందనుకుంటున్నాను.

ఫిన్‌బార్

నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది ఫిన్‌బార్. కార్క్ జిల్లా పడమటి తీరంలో ఒక చిన్న ద్వీపంలో పుట్టినవాడు. నా దరఖాస్తు చూడలేదు. "మచిలీపట్నం అంటే సముద్రమా?" అని అడిగాడు. సముద్రమే అన్నాను. "పడవ రాకపోతే ఏం చేస్తావు?" అన్నాడు. వచ్చేదాకా చూస్తానన్నాను. సోమవారం రమ్మన్నాడు.

మొదటి యాత్రలో నేను వేసిన ప్రణాళికలో ఒక్క గంట కూడా ఖాళీ లేదు. అది చూసుకుని గర్వపడ్డాను. రెబున్‌లో గాలి లేచింది, ఓడ రెండు రోజులు కదలలేదు. పద్నాలుగు మందికి టోక్యో విమానం తప్పిపోయింది. ఫిన్‌బార్‌కు ఫోన్ చేసి పదిహేను నిమిషాలు సంజాయిషీ చెప్పాను. అంతా విన్నాడు.

"వాళ్ళు అన్నం తిన్నారా?"

"తిన్నారు."

"పడుకోడానికి చోటుందా?"

"ఉంది."

"గ్రాండ్. మిగతాది నేను చూసుకుంటాను. నువ్వు వెళ్ళి వాళ్ళతో పేకాడు."

నాకు పేక రాదు. ఆ రెండు రోజుల్లో నేర్చుకున్నాను. అప్పటినుంచి ద్వీపానికి వెళ్ళే ప్రతి ప్రణాళికలో ఒక రోజు ఏమీ రాయకుండా వదిలాను. పై అధికారులు ఆ ఖాళీని చూసి ఎప్పుడు అడిగినా, అది సముద్రానిదని జవాబిచ్చాను.

ఫిన్‌బార్‌ను పొగిడి వదిలేయడం న్యాయం కాదు. ఆయనలో ఒక పెద్ద లోపం ఉంది: ఏదీ కాగితం మీద పెట్టేవాడు కాదు. ఎవరికి ఏ మాట ఇచ్చాడో ఆయన తలలోనే ఉండేది. ఆయన ఆఫీసు వదిలి వెళ్ళిపోయిన వారంలో, హోటళ్ళవాళ్ళతో, పడవలవాళ్ళతో ఆయన చేసుకున్న ఒప్పందాలన్నీ ఆయనతోనే వెళ్ళిపోయాయి. నేను మొదటి యాత్ర నుంచే నోటుపుస్తకాలు పెట్టింది ఆయన మంచితనం చూసి కాదు, ఆయన లోపం చూసి.

పులుసులో ఏముంది

రెబున్‌లో మా బస ఎప్పుడూ ఒకే ఇంట్లో. ససాకి దంపతులది. ఐదు గదులు, ఇంటి వెనక నీలం రంగు షెడ్డు, షెడ్డు ముందు పల్లం లేకుండా పరిచిన గుండ్రటి రాళ్ళు, రాళ్ళ అవతల సముద్రం. ఆయన పడవ మీద వెళ్ళి సముద్రపు జీవాలు, నాచు తెస్తాడు. ఆమె వంట చేస్తుంది, ఇల్లు నడుపుతుంది. ఇక్కడ ససాకి గారు అన్నచోటల్లా ఆమే. ఆమె వయసు నాకంటే రెండేళ్ళు ఎక్కువ. నన్ను "మూర్తి సాన్", అంటే మూర్తి గారు, అంటుంది. నాకు వచ్చిన జపాను భాషలో సగం ఆమె వంటింట్లో వచ్చినదే.

అక్కడి తిండి గురించి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. ఉని అనే ముళ్ళ జీవి ఉంది. గుత్తివంకాయంత ఉంటుంది, ఒళ్ళంతా ముళ్ళు. పగలగొడితే లోపల నారింజ రంగు నాలుకలు ఐదు. వేడి అన్నం మీద వేసుకుంటే నమలక్కరలేదు. సముద్రం తియ్యగా ఉంటుందని అప్పుడు తెలుస్తుంది. హొక్కె అనే చేపను నిలువునా చీల్చి, సోయా ముద్ద పూసి, బొగ్గుల మీద కాలుస్తారు. బందరు తీరంలో పెరిగిన నేను చేప విషయంలో ఎవరినీ సులభంగా ఒప్పుకోను. ఆమెను ఒప్పుకున్నాను.

మూడో యాత్రలో శేషాద్రి గారు అనే శాకాహారి పెద్దమనిషి వచ్చారు. మొదటి రోజే ససాకి గారిని అడిగాను: "ఈ పులుసులో చేప ఉందా?" లేదన్నారు. నేను అదే ఆయనకు చెప్పాను. మూడు రోజులు ఆయన ఇష్టంగా తాగారు. మూడో రోజు సాయంత్రం నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళేసరికి, ఎండబెట్టిన సూర చేపను చెక్కపొట్టులా తరిగి ఆమె కుండలో వేస్తోంది. వేసి, తీసి, వడకడుతోంది. ముక్క లేదు కనుక ఆమె లెక్కలో చేప లేదు. ఆమె అబద్ధం ఆడలేదు. నేను అడగవలసింది అడగలేదు.

చెప్పకుండా ఉండవచ్చు. ఉండమని బృందంలో ఇద్దరు సలహా కూడా ఇచ్చారు. నేను భోజనానికి ముందే శేషాద్రి గారిని బయటికి పిలిచి చెప్పాను. 

"నిన్న రెండోసారి పోయించుకున్నాను" అన్నారు.

"చూశానండి."

"బాగుందని ఆవిడకు చెప్పమన్నాను కూడా."

"చెప్పానండి."

"నా నాలుక మీద కోపంగా ఉంది మూర్తి గారూ. మీ మీద లేదు. కానీ రాసుకోండి."

రాసుకున్నాను: ఉందా లేదా అని అడగవద్దు, పొద్దున్నుంచి కుండలో ఏమేమి పడ్డాయో వరుసగా చెప్పమని అడుగు, కుదిరితే పక్కన నిలబడి చూడు. ససాకి గారికి విషయం చెప్పినప్పుడు ఆమె చేతులు తుడుచుకుని శేషాద్రి గారి దగ్గరికి వచ్చి వంగి నిలబడింది. మర్నాడు కొంబు అనే సముద్రపు నాచు ఒక్కటే చల్లటి నీళ్ళలో నానబెట్టి, సన్నటి సెగ మీద కాచి పులుసు చేసింది. శేషాద్రి గారు ఒక చెంచా తీసుకుని, "వీళ్ళకు చేపతో పనేముందండీ?" అన్నారు. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే పావుగంట మాట్లాడుకున్నారు.

ఆ కొంబు సంగతే ఇప్పుడు చెప్పాలి.

వాన కాని వాన

కొంబును తెల్లవారకముందే సముద్రంలోంచి కోస్తారు. మనిషి కంటే పొడుగు ఆకులు, చేతివెడల్పు, జిగురు. రోజు బాగుంటే ఏడు గంటలకల్లా ఆ గుండ్రటి రాళ్ళ మీద ఒక్కొక్కటిగా, ఒకదానికొకటి తగలకుండా పరుస్తారు. మట్టి అంటకూడదు, గడ్డి అంటకూడదు, మడత పడకూడదు. అందుకే రాళ్ళు. ఆ ఒక్క పగటిలో ఆరాలి. మడతపడిన ఆకు, గడ్డిపోచ అంటిన ఆకు మేలి రకంలోకి వెళ్ళదు. ఏడాదిలో ఇలాంటి మంచి రోజులు కొద్దిగానే దొరుకుతాయి.

ఏడో యాత్రలో ఇవన్నీ నాకు తెలుసు. బృందానికి చెప్పలేదు. పది గంటలకు నడకకు బయలుదేరవలసి ఉంది. అందరూ రాళ్ళ పక్కన గడ్డి మీద నిలబడ్డారు. నేను ఓడ సమయం కనుక్కోవడానికి ఇంట్లోకి ఫోన్ దగ్గరికి వెళ్ళాను.

బృందంలో విజయలక్ష్మి గారు అనే ఆవిడ ఉన్నారు. తెనాలి మనిషి. డ్రోహెడా ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళు నర్సు. వార్డును ఎలా నడిపారో బృందాన్నీ అలాగే నడిపారు. ఆ సమయంలో సముద్రం మీదనుంచి పొగమంచు వచ్చింది. ముఖం మీద సన్నటి తుంపర పడింది.

ఇక్కడ ఒక సంగతి గుర్తించాలి. ఈ తప్పు జపానువారు చేయరు. మరో ఊరి నుంచి వచ్చిన పర్యాటకులూ చేయరు. మేడమీద వడియాలు పెట్టి మబ్బు పడితే పరుగెత్తిన చేతులు, ఆపైన ఐర్లండ్‌లో ఇరవై ఏళ్ళు దండెం మీద బట్టలు ఆరేసి రోజుకు మూడుసార్లు లోపలికి తెచ్చిన చేతులు, ఈ రెండూ ఉన్నవాళ్ళే చేస్తారు.

"వాన. చూస్తూ నిలబడ్డారేంటమ్మా? ఎత్తండి ఎత్తండి" అన్నారు విజయలక్ష్మి గారు.

ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఫోన్ తీసి చూశాడు. "ఆంటీ, యాప్‌లో వాన లేదు."

"ఐర్లండ్‌లో యాప్ ఎప్పుడు నిజం చెప్పింది బాబూ? ఆ చివర పట్టుకో."

నేను బయటికి వచ్చేసరికి పన్నెండు మంది రాళ్ళ మీద ఉన్నారు. బూట్లతో. చేతినిండా నల్లటి ఆకులు. చీరలు మడిచినట్టు నాలుగు మడతలు వేసి తెచ్చి, తడవకుండా చూరు కింద గడ్డిమీద కుప్ప పోస్తున్నారు. అందరూ నవ్వుతున్నారు. ఒకరికొకరు సాయం చేసుకుంటున్నారు. నాకు గుండె నిండిపోయింది. ఇదీ మన తెలుగువాళ్ళంటే అనుకున్నాను. జేబులోంచి కెమెరా తీశాను.

ఇప్పుడు బ్రోషరులో ఉన్న ఫొటో అదే. అందులో ఎంత ఆనందం కనిపిస్తుందో అంతా నిజం. జరుగుతున్నది తప్పు అన్నదీ అంతే నిజం. కొంబు గురించి అంతా తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆపకుండా ఫొటో తీశాడు. నా పందొమ్మిదేళ్ళలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు.

ససాకి గారు షెడ్డు వెనకనుంచి వచ్చి చూసి ఆగిపోయారు. తరువాత వంగి నమస్కరించి, "బరువుగా ఉంటుంది కదా, శ్రమ పడ్డారు" అన్నారు. లోపలికి వెళ్ళి టీ తెచ్చారు. ఆమె భర్త కుప్ప పక్కన కూర్చుని ఒక్కొక్క ఆకు విప్పి, బొటనవేలి గోటితో గడ్డిపోచ తీసి, పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. మంచిది ఒక పక్క, చెడినది ఒక పక్క. చెడిన పక్క పెరుగుతోంది. పది నిమిషాల్లో పొగమంచు తొలగి ఎండ వచ్చింది. ఆ పొగమంచు రోజూ అలాగే వచ్చి పోతుంది. దానికి అక్కడ ఎవరూ ఆకులు ఎత్తరు.

విజయలక్ష్మి గారు టీ కప్పు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"మూర్తి గారూ, మనం ఏదో చెడగొట్టాం."

"ఆవిడ థాంక్స్ చెప్పారు కదండీ" అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"ఆవిడ నవ్వు చూడకండి. ఆయన చేతులు చూడండి."

చూశాను. అప్పుడు చెప్పాను, ఏం జరిగిందో మొత్తం. ఆవిడ కప్పు కింద పెట్టారు. "రండి, నేను చెప్పింది చెప్పినట్టు ఆవిడకు చెప్పండి. మెత్తగా మార్చకండి" అన్నారు. ససాకి గారి ముందు నిలబడి, "మా ఇంట్లో నేను పెట్టిన వడియాలు ఎవరైనా ఇలా గడ్డిమీద పోస్తే, నేను టీ ఇచ్చేదాన్ని కాదు" అన్నారు.

మెత్తగా మార్చకుండానే చెప్పాను. ససాకి గారు నిజంగా నవ్వారు. అంతకుముందు నవ్వింది నవ్వు కాదని అప్పుడు తెలిసింది. వడియాలంటే ఏమిటని అడిగారు. విజయలక్ష్మి గారు చేతులతో పిండి కలిపి, గుడ్డ పరిచి, గాలిలో వడియాలు పెట్టి చూపించారు. "మడత పడకూడదా?" అని ససాకి గారు అడిగారు. "తగలకూడదు, మడత పడకూడదు, కాకి వాలకూడదు" అని ఈవిడ.

మేమేం చేయగలమని అడిగాను. ఆమె ఆలోచించి చెప్పింది:

"ఒక్కటే, మూర్తి సాన్. నేను పిలిచేదాకా ఎవరూ రాళ్ళ మీదికి రావద్దు. నేను పిలిస్తే మాత్రం అందరూ రండి."

నోటుపుస్తకం తీసి, నలభై ఒకటో పేజీలో తెలుగులో రాశాను, కింద వచ్చీరాని జపాను లిపిలో రాశాను. ఆమె చదివి, రెండు అక్షరాలు దిద్ది, కింద తన పేరు రాసింది. పక్కన నేను సంతకం చేశాను. ఎదురు పేజీలో ఆ ఫొటో అంటించాను, నా తప్పు నాకు కనిపిస్తూ ఉండాలని. ఆఫీసు వారు ఫొటో తీసుకున్నారు. పక్క పేజీ వదిలేశారు.

పిలిచిన రోజు

ఆ తరువాత ఎనిమిది, తొమ్మిది యాత్రల్లో ఆమె పిలవలేదు. మేము దారి మీదనే నిలబడి చూసేవాళ్ళం. "ఫొటోకైనా వెళ్ళకూడదా అంకుల్?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగేవారు. కూడదని చెప్పి, నలభై ఒకటో పేజీ చదివి వినిపించేవాణ్ణి. విన్న తరువాత ఎవరూ రెండోసారి అడగలేదు.

పదో యాత్రలో, మధ్యాహ్నం రెండు గంటలకు, కొంబు దాదాపు ఆరిపోయిన సమయంలో, రిషిరి పర్వతం మీదనుంచి నల్లటి మబ్బు దిగింది. ఆమె భర్త మోకాలికి కట్టు కట్టుకుని ఇంట్లో ఉన్నాడు. మేము దారి మీద ఉన్నాం. తలగుడ్డ కట్టుకుని ఒంటరిగా రాళ్ళ మీద ఉన్న ఆమె మా వైపు తిరిగి చెయ్యెత్తింది.

"మూర్తి సాన్, ఇప్పుడు."

పదకొండు మంది బూట్లు విప్పి పరుగెత్తాం. రెండు చేతులమీద పసిపిల్లను తెచ్చినట్టు ఆకును నిలువునా ఎత్తి, మడవకుండా, షెడ్డులోకి. ఎవరూ ఫొటో తీయలేదు. చివరి ఆకు లోపలికి చేరాక అసలు వాన పడింది. ఆమె తలుపు దగ్గర నిలబడి ఆకులు లెక్క చూసుకుని, ఒక్కటి కూడా చెడలేదని చెప్పింది. ఆ సాయంత్రం ఆమె మాకు వడ్డించిన ఉని గురించి నేను రాయను. అది అచ్చులో పెట్టేది కాదు.

ఆ యాత్రకు వచ్చినవారిలో ఇద్దరు నాకు ఇప్పటికీ ఉత్తరాలు రాస్తారు. పూల గురించి, పర్వతం గురించి ఒక్క మాట ఉండదు. "ఆవిడ మనల్ని పిలిచింది కదండీ" అని రాస్తారు.

యువకులారా, ఇదీ ఈ వృత్తిలో నేను చూసిన అత్యుత్తమ క్షణం. దాన్ని టైముటేబుల్‌లో పెట్టలేం. పది గంటలకు నలభై ఐదు నిమిషాలపాటు పిలుపు అని రాయలేం. రాసిన రోజున అది పిలుపు కాదు, చొరబాటు.

సింధు

సింధు కరీంనగర్ అమ్మాయి. ఇక్కడే ఎమ్మెస్సీ చదివి ఆ ఆఫీసులో చేరింది. చురుకైన పిల్ల. ఆమెకు ఇచ్చిన ప్రణాళికలో ఆరో రోజు ఇలా ఉంది: "ఉదయం 10.00, ససాకి గృహం, నాచు ఎత్తుట, 45 నిమిషాలు." మార్చి 16న ఆమె నాతో మాట్లాడిన మాటలు అదే రోజు రాసుకున్నాను.

"అంకుల్, నలభై తర్వాత సీదా నలభై రెండు ఉంది. మధ్యల పేజీ ఏమైంది?"

చెప్పాను. 

"నేను మేనేజర్‌ను అడిగిన అంకుల్. అది కస్టమర్లకు సంబంధం లేని పేజీ, ఇంగ్లిష్‌ల లేదు, అందుకే తీసేసినం అన్నడు."

"ససాకి గారికి ఎవరైనా రాశారా?"

"రాయలే. అక్కడికి పోయినంక నువ్వే మాట్లాడుకో అంటున్నడు. మరీ ఎక్కువ అడిగితే వేరేవాళ్ళకు ఇస్తడు అంకుల్. నా వీసా ఈ ఉద్యోగం మీదనే ఉంది."

"నువ్వు అడగకు. నేను అడుగుతాను, నా పేరుతో."

"మరి జవాబు రాకుంటే? పది గంటలకు అందరు గేటు దగ్గర నిలబడితే నేనేం జేయాలె?"

ఆమెకు ఇచ్చిన జవాబు ఈ వృత్తిలోకి వచ్చేవారందరికీ పనికొస్తుంది కనుక రాస్తున్నాను. అందరినీ దారి మీద నిలబెట్టు. రాళ్ళ మీద కాలు పెట్టనివ్వకు. నీ దగ్గర పేజీ లేదు కనుక నేనొక వ్యాసం రాసి పంపుతాను, దాన్ని చదివి వినిపించు. ఎవరైనా బ్రోషరు చూపించి వాదిస్తే, ఆ ఫొటో తీసినవాడే అది తన తప్పని రాశాడని చెప్పు. కోపం వస్తే నా మీదకు తిప్పు. నేను విరమించినవాణ్ణి, నన్ను ఎవరూ తీసేయలేరు.

"గ్రాండ్ అంకుల్" అంది. కానీ ఆ గ్రాండ్‌లో భయం ఉంది. ఆ భయం ఆమె మోయవలసినది కాదు.

ఫిన్‌బార్ వెళ్ళిపోయినప్పుడు ఆయన ఇచ్చిన మాటలు ఆయనతో వెళ్ళిపోయాయని ముందే రాశాను. అలా కాకూడదనే నేను ప్రతిదీ కాగితం మీద పెట్టాను. కాగితం ఉన్నా పేజీ తీసేయవచ్చునని ఇప్పుడు నేర్చుకున్నాను. అయినా పేజీ నా దగ్గరే ఉంది, సంతకం చేసిన ఇద్దరం బతికే ఉన్నాం.

రాతపూర్వక జవాబు కోసం

పైన పేర్కొన్న ట్రావెల్ కార్యాలయం మేనేజరు గారికి,

ఈ వ్యాసం ఆంగ్ల ప్రతితో సహా మీకు రిజిస్టర్డ్ పోస్టులో వస్తుంది. ఈ క్రింది మూడు విషయాలపై మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా కోరుతున్నాను.

ఒకటి: నా ఫొటోను, దాని కింది వాక్యాన్ని బ్రోషరు నుంచి, మీ వెబ్‌సైటు నుంచి తొలగించాలి. రెండు: జులై ప్రణాళిక ఆరో రోజులోని ఆ పద్దును కొట్టివేసి, ఆ మేరకు సింధుకు మీ సంతకంతో కాగితం ఇవ్వాలి. మూడు: ఏడో పుస్తకం నలభై ఒకటో పేజీని, దాని అనువాదంతో, ఆమె ఫైలులో తిరిగి చేర్చాలి. అనువాదం జతచేశాను, మీకు శ్రమ ఉండదు.

ససాకి గారికి ప్రతి ఏప్రిల్‌లో ఉత్తరం రాయడం నా అలవాటు. ఈ ఏటి ఉత్తరం రాసి నా బల్ల మీద పెట్టాను. మా క్షేమం, నా మోకాళ్ళు, విజయలక్ష్మి గారు పంపమన్న వడియాల పొట్లం, అన్నీ రాశాను. జులైలో వచ్చే బృందం గురించి ఒక్క వాక్యానికి చోటు వదిలాను. ఆమె పిలిచేదాకా దారి మీదనే నిలబడతారని రాయాలో, నా మాట ఇక చెల్లదు కనుక గేటు వేసుకోమని రాయాలో, మీ జవాబును బట్టి నింపుతాను.

ఫోన్‌ను జవాబుగా స్వీకరించను. ఈమెయిల్‌ను స్వీకరించను. టీని కూడా స్వీకరించను. మీ సంతకంతో ఉన్న కాగితం ఏప్రిల్ 30వ తేదీ సాయంత్రం ఐదు గంటలలోగా డ్రోహెడాలోని నా చిరునామాకు చేరాలి. మే ఒకటిన ఆ ఉత్తరాన్ని పోస్టులో వేస్తాను.

ఎన్. నరసింహమూర్తి
విశ్రాంత టూర్ మేనేజరు
జతపరచినవి: నలభై ఒకటో పేజీ నకలు, అనువాదం, జనవరి 20 నాటి రసీదు